ఓసీఎఫ్ఎస్2లో క్లస్టర్ సెట్టింగులు మార్చడం: ఏది నడుస్తుండగా మార్చొచ్చు, దేనికి అన్నీ ఆపాలి

ఒకే డిస్కును నాలుగు సర్వర్లు ఒకేసారి మౌంట్ చేసుకుని రాస్తున్నాయంటే, కొన్ని విషయాల్లో ఆ నాలుగింటిదీ ఒకే మాట కావాలి. క్లస్టర్‌లో, అంటే ఈ సర్వర్ల గుంపులో ఎవరెవరున్నారు, ఎంతసేపు ఉలుకూ పలుకూ లేకపోతే ఒక నోడ్ (గుంపులోని సర్వర్) పోయినట్టు లెక్క, నెట్‌వర్క్ తెగితే ఎవరు నిలవాలి, ఎవరు తప్పుకోవాలి. క్లస్టర్ సెట్టింగ్ మార్చడమంటే ఈ ఒప్పందాన్ని మార్చడమే. ఒక సర్వర్‌లో ఫైలు ఎడిట్ చేసి సర్వీసు రీస్టార్ట్ చేస్తే సరిపోతుందనే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఈ మార్గదర్శి ఓసీఎఫ్ఎస్2 గురించి. ఒరాకిల్ తయారుచేసిన ఈ ఫైల్ సిస్టం 2006లో 2.6.16 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. దీనికి ఓ2సీబీ అనే సొంత క్లస్టర్ స్టాక్, అంటే నోడ్లను కలిపి ఉంచే సాఫ్ట్‌వేర్ ఉంది. నాలుగు నోడ్లు, ఫైబర్ ఛానెల్ స్టోరేజ్, మల్టీపాత్ (ఒకే డిస్కుకు ఒకటికి మించిన దారులు), పైన ఒరాకిల్ లినక్స్ ఉన్నాయనుకుని రాస్తున్నాను. పేస్‌మేకర్ అనే వేరే క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌తో నడిపేవాళ్లకు దారి వేరు, ఇది వాళ్లకు వర్తించదు. కమాండ్లు, ఫైలు పేర్లు నోటితో పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ముందు మీ మార్పు ఏ రకమో తేల్చుకోండి

క్లస్టర్ నడుస్తుండగానే చేయగలిగేది ముఖ్యంగా కొత్త నోడ్ చేర్చడం. స్టోరేజ్‌లో లన్ (సర్వర్లకు డిస్కులా కనిపించే భాగం) పెంచాక ఫైల్ సిస్టం సైజు పెంచడం కూడా ఈ కోవలోదే.

ఫైల్ సిస్టంను అన్ని నోడ్లలో అన్‌మౌంట్ చేసి, క్లస్టర్ స్టాక్‌ను మాత్రం నడుస్తూ ఉంచి చేయాల్సినది నోడ్ స్లాట్ల సంఖ్య (ఒక వాల్యూమును ఒకేసారి ఎన్ని నోడ్లు మౌంట్ చేయొచ్చో అది) మార్చడం.

అన్‌మౌంట్ చేయడంతో పాటు స్టాక్‌ను కూడా అన్ని నోడ్లలో ఆపి చేయాల్సినవి టైమౌట్లు, ఐపీ అడ్రసు, నోడ్ పేరు, హార్ట్‌బీట్ (నోడ్ బతికే ఉందని తెలిపే సంకేతం) మోడ్.

మెయింటెనెన్స్ విండో అడిగే ముందే ఇది తేల్చుకోవాలి. మూడో రకం మార్పును మొదటి రకమనుకుని పావుగంట విండో తీసుకుంటే పని మధ్యలో టెన్షన్ తప్పదు.

ఇప్పుడున్న స్థితిని రాసిపెట్టుకోండి

క్లస్టర్‌లో ఎవరున్నారన్నది ఈటీసీ కింద ఓసీఎఫ్ఎస్2 ఫోల్డర్‌లోని క్లస్టర్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఉంటుంది. టైమౌట్లు ఈటీసీ కింద సిస్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఓ2సీబీ ఫైల్లో ఉంటాయి. డెబియన్, ఉబుంటులలో అదే ఫైలు డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఈ రెండు ఫైళ్లకూ ప్రతి నోడ్‌లో ఎండీ5సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ) తీసి పోల్చండి. తేడా కనిపిస్తే కొత్త మార్పు సంగతి పక్కనపెట్టి ముందు ఆ తేడా ఎలా వచ్చిందో చూడండి. తర్వాత రెండింటికీ తేదీతో కాపీ తీసి పెట్టుకోండి.

ఫైల్లో ఉన్న విలువ వేరు, కెర్నల్‌లో అమల్లో ఉన్న విలువ వేరు. అమల్లో ఉన్నవి సిస్ కింద కెర్నల్, దాని కింద కాన్ఫిగ్, దాని కింద క్లస్టర్, దాని కింద మీ క్లస్టర్ పేరుతో ఉన్న డైరెక్టరీలో కనిపిస్తాయి. అక్కడ ఐడిల్ టైమౌట్, కీప్‌అలైవ్ డిలే, రీకనెక్ట్ డిలే ఫైళ్లుంటాయి. హార్ట్‌బీట్ సబ్‌డైరెక్టరీలో డెడ్ థ్రెషోల్డ్ ఉంటుంది. క్యాట్ కమాండ్‌తో ప్రతి నోడ్‌లోనూ చదివి రాసుకోండి. ఎప్పుడో ఎవరో ఫైలు మార్చి రీస్టార్ట్ చేయకుండా వదిలేసి ఉంటే, అది బయటపడేది ఇక్కడే.

ఏ డిస్కును ఏ నోడ్ మౌంట్ చేసుకుందో చూడటానికి మౌంటెడ్ డాట్ ఓసీఎఫ్ఎస్2 కమాండ్‌ను ఎఫ్ ఆప్షన్‌తో ఇవ్వండి. ఇది డిస్కు మీద ఉన్న స్లాట్ మ్యాప్‌ను ఎలాంటి లాకూ లేకుండా చదువుతుంది. అందువల్ల అర్ధాంతరంగా పడిపోయిన నోడ్ పేరు అందులో ఇంకా మిగిలి ఉండొచ్చు. అలాంటి పేరు కనిపిస్తే ఆ నోడ్‌లోకి వెళ్లి నేరుగా చూసుకోండి.

టైమౌట్ల లెక్క

ఎక్కువ మంది ఈ పనికి దిగేది టైమౌట్ల కోసమే. అందుకే వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ప్రతి నోడ్ రెండు సెకన్లకోసారి డిస్కు మీద తనకు కేటాయించిన బ్లాకులో రాస్తుంది. అదే డిస్క్ హార్ట్‌బీట్. డెడ్ థ్రెషోల్డ్ అన్నది సెకన్ల లెక్క కాదు, ఈ రాతల లెక్క. థ్రెషోల్డ్‌లోంచి ఒకటి తీసేసి రెండుతో గుణిస్తే సెకన్లు వస్తాయి. డిఫాల్ట్ 31, అంటే 60 సెకన్లు. 120 సెకన్లు కావాలంటే 61 పెట్టాలి. సెకన్లనుకుని 120 అని రాసేస్తే 238 సెకన్లవుతుంది. అంటే నోడ్ నిజంగా చచ్చిపోయినా మిగతావాటికి నాలుగు నిమిషాల దాకా తెలియదు.

ఆ గడువులోపు ఒక్క రాత కూడా డిస్కుకు చేరకపోతే నోడ్ తనను తానే రీసెట్ చేసుకుంటుంది. దీన్నే ఫెన్సింగ్ అంటాం. డిస్కు మీద ఏం జరుగుతోందో తెలియని నోడ్ రాస్తూ పోతే డేటా పాడవుతుంది కాబట్టి, అది పక్కకు తప్పుకోవడమే మంచిది.

మరి థ్రెషోల్డ్ ఎందుకు పెంచాలి? స్టోరేజ్ కంట్రోలర్ మారేటప్పుడో, ఫ్యాబ్రిక్ (స్టోరేజ్ నెట్‌వర్క్) స్విచ్ రీబూట్ అయ్యేటప్పుడో మల్టీపాత్ ఒక దారి వదిలి ఇంకో దారి పట్టడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయం 60 సెకన్లు దాటితే, డిస్కు బాగానే ఉన్నా నోడ్లు వరసగా రీబూట్ కావొచ్చు. అందువల్ల ముందు మల్టీపాత్ కాన్ఫిగరేషన్ తెరవండి. పోలింగ్ ఇంటర్వల్ 5 సెకన్లు, నో పాత్ రిట్రై 12 అయితే, దారులన్నీ పోయాక కూడా దాదాపు 60 సెకన్లు రాతలు క్యూలో ఆగుతాయి. అంటే హార్ట్‌బీట్ గడువు 60 మీద ఉంటే మిగులన్నదే లేదు. మీ దగ్గర దారి మారడానికి నిజంగా ఎంత పడుతుందో ఒక కేబుల్ తీసి కొలవండి. దానికి కొంత మార్జిన్ కలిపి థ్రెషోల్డ్ తేల్చండి. నో పాత్ రిట్రై దగ్గర 'క్యూ' అని ఉంటే, దారులన్నీ పోయినప్పుడు రాతలు ఎంతకాలమైనా ఆగుతాయి. అప్పుడు థ్రెషోల్డ్ ఎంత పెంచినా ఫెన్సింగ్ ఆలస్యమవుతుందే తప్ప ఆగుతుందన్న నమ్మకం లేదు.

పెంచితే పోయేదేముందని అనుకోవద్దు. ఒక నోడ్ పవర్ పోయి నిజంగా ఆగిపోయిందనుకుందాం. దాని చేతిలో ఉన్న లాకుల కోసం మిగతా నోడ్లు ఎదురుచూస్తాయి. అది చచ్చిపోయిందని తేలేదాకా దాని జర్నల్‌ను (మార్పుల చిట్టాను) రికవర్ చేయడానికి వీల్లేదు. గడువు 120 సెకన్లయితే అప్లికేషన్ రెండు నిమిషాల దాకా కదలకుండా నిలబడొచ్చు. పైనున్న డేటాబేస్, లోడ్ బ్యాలెన్సర్, అప్లికేషన్ సర్వర్ అంతసేపు ఓపిక పడతాయో లేదో ఆ టీముల్ని అడిగి తెలుసుకోండి. నా మాట అడిగితే, కొలిచిన సమయానికి 20, 30 సెకన్లు కలిపి అక్కడ ఆగండి.

ఇక నెట్‌వర్క్ వైపు. నోడ్ల మధ్య లాకుల సందేశాలు టీసీపీ మీద, మామూలుగా 7777 పోర్టులో నడుస్తాయి. ఐడిల్ టైమౌట్ డిఫాల్ట్ 30000, కీప్‌అలైవ్ డిలే 2000, రీకనెక్ట్ డిలే 2000. ఇవన్నీ మిల్లీసెకన్లలో. ఐడిల్ టైమౌట్ ఎప్పుడూ కీప్‌అలైవ్ కంటే పెద్దదిగా ఉండాలి, లేకపోతే కెర్నల్ ఒప్పుకోదు. నెట్‌వర్క్ తెగి, డిస్క్ హార్ట్‌బీట్ మాత్రం నడుస్తుంటే కోరం లెక్క, అంటే ఏ వర్గం నిలవాలన్న లెక్క మొదలవుతుంది. సగానికి పైగా నోడ్లతో మాట్లాడగలిగిన వర్గం నిలుస్తుంది. సరిగ్గా సగం సగం చీలితే అన్నిటికన్నా చిన్న నంబరున్న నోడ్ ఎటువైపు ఉంటే అటువైపు నిలుస్తుంది. రెండు నోడ్ల క్లస్టర్‌లో స్విచ్ పోతే ప్రతిసారీ పెద్ద నంబరు నోడే రీబూట్ కావడానికి కారణం ఇదే. ముఖ్యమైన పని నడిచే సర్వర్‌కు చిన్న నంబరు ఇవ్వండి.

నెట్‌వర్క్ టైమౌట్ పెంచే ముందు స్విచ్ వైపు ఒకసారి చూడండి. పాతరకం స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూపులు రాకుండా చూసే ప్రోటోకాల్) మళ్లీ కుదురుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. అది 30 సెకన్ల గడువును దాటేస్తుంది. సర్వర్లున్న పోర్టుల మీద పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఎదురుచూపు లేకుండా పోర్టును వెంటనే తెరిచే సెట్టింగ్) పెట్టిస్తే చాలా చోట్ల సమస్య అక్కడితో తీరిపోతుంది, క్లస్టర్‌ను తాకాల్సిన పనే ఉండదు.

టైమౌట్లు మార్చే క్రమం

ఒక్కో నోడ్‌ను విడివిడిగా మారుస్తూ పోవడం ఇక్కడ కుదరదు. రెండు నోడ్లు కనెక్ట్ అయ్యేటప్పుడు మొదట ఒకదాని టైమౌట్లు ఇంకోదానికి చెప్పుకుంటాయి. అంకెలు కలవకపోతే, అవతలి నోడ్ విలువ ఇంత, మన విలువ ఇంత, కనెక్షన్ తెంపేస్తున్నాం అని కెర్నల్ లాగ్‌లో రాసి తెంపేస్తాయి. అందువల్ల పని ఇలా సాగాలి.

1. అప్లికేషన్లు ఆపండి. మౌంట్ పాయింట్ మీద ఎవరైనా ఉన్నారేమో ఫ్యూజర్ కమాండ్‌తో చూడండి. బ్యాకప్ ఏజెంట్, మానిటరింగ్ స్క్రిప్ట్, ఎవరో తెరిచి వదిలేసిన షెల్, ఈ మూడూ తరచుగా అడ్డం పడతాయి.

2. ప్రతి నోడ్‌లోనూ అన్ని ఓసీఎఫ్ఎస్2 వాల్యూములనూ అన్‌మౌంట్ చేయండి. అన్‌మౌంట్ కాకపోతే లేజీ ఆప్షన్ వాడొద్దు. పైకి పోయినట్టు కనిపించినా లోపల ఫైల్ సిస్టం బతికే ఉంటుంది, హార్ట్‌బీట్ నడుస్తూనే ఉంటుంది.

3. సిస్టమ్‌సీటీఎల్‌తో ముందు ఓసీఎఫ్ఎస్2 సర్వీసును, తర్వాత ఓ2సీబీ సర్వీసును ఆపండి. ఆగిందని సర్వీసు చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా, పైన చెప్పిన కెర్నల్ డైరెక్టరీలో మీ క్లస్టర్ పేరున్న ఫోల్డర్ మాయమైందో లేదో చూడండి. అది ఇంకా ఉంటే క్లస్టర్ ఆగనట్టే.

4. ఒక నోడ్‌లో ఓ2సీబీ డాట్ ఇనిట్ కమాండ్‌ను కాన్ఫిగర్ అనే మాటతో నడపండి. అది ఒక్కో విలువా అడుగుతుంది. లేదా ఆ ఫైల్లోనే నేరుగా మార్చండి. ఆ ఫైలునే మిగతా నోడ్లకు కాపీ చేయండి. ఒక్కో చోట చేత్తో టైప్ చేస్తే ఎక్కడో ఒక సున్నా ఎక్కువో తక్కువో పడుతుంది.

5. అన్ని నోడ్లలో ఓ2సీబీని మొదలుపెట్టండి. ఇంకా ఏదీ మౌంట్ చేయొద్దు. ముందు అమల్లోకి వచ్చిన విలువల్ని క్యాట్‌తో చదివి, మీరు రాసుకున్న కొత్త అంకెలతో పోల్చండి.

6. ఒక నోడ్‌లో మౌంట్ చేయండి. తర్వాత రెండో దాంట్లో. రెండింటిలోనూ డీమెసేజ్ (కెర్నల్ లాగ్ చూపే కమాండ్, డీఎంఈఎస్‌జీ అని కొట్టాలి) చూసి, కనెక్షన్ కుదిరిందని తెలిశాకే మిగతా నోడ్లకు వెళ్లండి.

అయిదో మెట్టు దాటేయొద్దని గట్టిగా చెప్పడానికి కారణముంది. నోడ్లు కనెక్ట్ అయ్యి ఉండగా ఐడిల్ టైమౌట్ మార్చబోతే, ఇప్పటికే ఒక నోడ్ దీనికి ఒప్పుకుంది, ఇక మార్చడం కుదరదు అని కెర్నల్ లాగ్‌లో స్పష్టంగా చెప్తుంది. డెడ్ థ్రెషోల్డ్ విషయంలో అదీ ఉండదు. ఒక్క హార్ట్‌బీట్ రీజియన్ బతికి ఉన్నా, మీరిచ్చిన కొత్త అంకెను కెర్నల్ తీసుకున్నట్టే ఉంటుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు, విలువ మాత్రం పాతదే ఉండిపోతుంది. మళ్లీ చదివి చూస్తే తప్ప తెలియదు. 61 పెట్టాం కదా అని ధీమాగా ఉంటే, స్టోరేజ్ ఫెయిలోవర్ రోజు 60 సెకన్లకే సర్వర్లు రీబూట్ కావొచ్చు.

నోడ్ స్లాట్లు

ఒక వాల్యూమును ఒకేసారి ఎన్ని నోడ్లు మౌంట్ చేయొచ్చో నిర్ణయించేది క్లస్టర్ ఫైల్లోని నోడ్ల సంఖ్య కాదు, ఫార్మాట్ చేసినప్పుడు ఇచ్చిన స్లాట్ల సంఖ్య. నాలుగు స్లాట్లున్న వాల్యూమును అయిదో నోడ్ మౌంట్ చేయలేదు. డీబగ్‌ఎఫ్ఎస్ డాట్ ఓసీఎఫ్ఎస్2కు పెద్ద ఆర్ ఆప్షన్‌తో స్టాట్స్ అని ఇస్తే, మాక్స్ నోడ్ స్లాట్స్ అనే వరసలో ఇప్పటి సంఖ్య కనిపిస్తుంది.

మార్చాలంటే ఆ వాల్యూమును అన్ని నోడ్లలోనూ అన్‌మౌంట్ చేయండి, ఓ2సీబీని మాత్రం ఆపొద్దు. ఇంకెక్కడా మౌంట్ అయి లేదని నిర్ధారించుకునే క్లస్టర్ లాక్ తీసుకోవడానికి ఈ టూల్‌కు స్టాక్ నడుస్తూ ఉండాలి. ముందు ఎఫ్ఎస్‌సీకే డాట్ ఓసీఎఫ్ఎస్2ను చిన్న ఎన్ ఆప్షన్‌తో, అంటే ఏమీ మార్చకుండా చూసే పద్ధతిలో నడపండి. తప్పులు కనిపిస్తే అవి సరిచేసేదాకా ముందుకెళ్లొద్దు. అంతా బాగుంటే ట్యూన్‌ఎఫ్ఎస్ డాట్ ఓసీఎఫ్ఎస్2కు పెద్ద ఎన్ ఆప్షన్‌తో కొత్త సంఖ్య ఇవ్వండి. గరిష్ఠం 255. ప్రతి స్లాట్‌కూ సొంత జర్నల్, సొంత సిస్టం ఫైళ్లు పడతాయి కాబట్టి డిస్కులో ఆ మేరకు చోటు ఖర్చవుతుంది. నాలుగు నోడ్లకు ఆరో ఎనిమిదో పెట్టుకుంటే చాలు. మెటాడేటాను ముట్టుకునే పని కాబట్టి ఆ రోజు బ్యాకప్ అయిందో లేదో చూసుకోండి.

కొత్త నోడ్ చేర్చడం

దీనికి క్లస్టర్ ఆపక్కర్లేదు, కానీ వరస ముఖ్యం. ముందు పాత నోడ్లన్నిటికీ కొత్త నోడ్ ఎవరో తెలియాలి, ఆ తర్వాతే అది వచ్చి చేరాలి.

పాత నోడ్లన్నిటిలో ఓ2సీబీ యాడ్ హైఫన్ నోడ్ కమాండ్‌తో క్లస్టర్ పేరు, కొత్త నోడ్ పేరు, ఐపీ, నంబరు ఇవ్వండి. తర్వాత ప్రతి నోడ్‌లో ఓ2సీబీ రిజిస్టర్ హైఫన్ క్లస్టర్ నడపండి. ఫైల్లో చేర్చినదాన్ని నడుస్తున్న కెర్నల్‌లోకి పంపేది ఈ రెండో కమాండే. అదే క్లస్టర్ ఫైలును, టైమౌట్ల ఫైలును కొత్త సర్వర్‌కు కాపీ చేసి, ఫైర్‌వాల్‌లో 7777 టీసీపీ పోర్టు తెరిచి, ఓ2సీబీని మొదలుపెట్టి, అప్పుడు మౌంట్ చేయండి.

ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ కనెక్ట్ కాలేదంటూ మౌంట్ ఫెయిలైతే కంగారుపడి కొత్త సర్వర్‌లో అటూ ఇటూ మార్చకండి. పాత నోడ్ల డీమెసేజ్ చూడండి. తెలియని నోడ్ కనెక్ట్ కాబోయిందని ఉంటే అక్కడ రిజిస్టర్ చేయలేదని అర్థం. టైమౌట్ల తేడా ఉంటే అంకెలతో సహా అక్కడే కనిపిస్తుంది. ఏమీ లేకపోతే ఫైర్‌వాల్ చూడండి. పెద్ద నంబరు నోడ్ నుంచే చిన్న నంబరు నోడ్‌కు కనెక్షన్ మొదలవుతుంది, కాబట్టి వెతుకులాట ఏ వైపు మొదలుపెట్టాలో నంబరే చెప్తుంది.

క్లస్టర్ ఫైలును చేత్తో రాసేవాళ్లకు ఒక మాట. క్లస్టర్, నోడ్ అనే శీర్షికలు వరస మొదట్లోంచే మొదలై కోలన్‌తో ముగియాలి. వాటి కింద ప్రతి వరసా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. మెయిల్లోంచో చాట్‌లోంచో కాపీ చేస్తే ట్యాబ్ కాస్తా స్పేసులైపోతుంది. కంటికి తేడా తెలియదు, ఫైలు మాత్రం చదవబడదు. క్యాట్‌కు పెద్ద టీ ఆప్షన్ ఇస్తే ట్యాబ్ ఉన్నచోట టోపీ గుర్తు, పెద్ద ఐ అక్షరం కనిపిస్తాయి.

ఐపీ, పేరు, హార్ట్‌బీట్ మోడ్

ఐపీ గానీ నోడ్ పేరు గానీ మారితే టైమౌట్ల క్రమమే పాటించాలి: అన్ని నోడ్లూ ఆపి, అన్నిటిలో ఫైలు మార్చి, మళ్లీ మొదలుపెట్టడం. ఫైల్లోని నోడ్ పేరు ఆ సర్వర్ హోస్ట్‌నేమ్‌తో సరిపోవాలి, వెనుక డొమైన్ పేరు ఉండకూడదు. సర్వర్ల పేర్లు మార్చే ప్రాజెక్టుల్లో ఈ సంగతి మరిచిపోయి, తర్వాతి రీబూట్‌లో క్లస్టర్ లేవక ఇబ్బందిపడతారు.

మామూలుగా ఉండేది లోకల్ హార్ట్‌బీట్. ఇందులో ప్రతి వాల్యూమ్‌కూ విడి హార్ట్‌బీట్ ఉంటుంది, ఏ ఒక్కదానికి రాత అందకపోయినా నోడ్ మొత్తం రీబూట్ అవుతుంది. పది, ఇరవై వాల్యూములుంటే ఇది పెద్ద ఇబ్బందే. గ్లోబల్ మోడ్‌లో కొన్ని డిస్కులనే హార్ట్‌బీట్‌కు ఎంచుకుంటారు. కనీసం మూడు పెట్టుకోండి. మూడుంటే ఒకటి పోయినా నోడ్ నిలుస్తుంది. ఓ2సీబీకి యాడ్ హైఫన్ హార్ట్‌బీట్‌తో డిస్కులు చేర్చి, హార్ట్‌బీట్ హైఫన్ మోడ్‌తో గ్లోబల్ అని మార్చాలి. పాత వాల్యూముల మీద ట్యూన్‌ఎఫ్ఎస్‌కు అప్‌డేట్ హైఫన్ క్లస్టర్ హైఫన్ స్టాక్ ఆప్షన్ ఇచ్చి డిస్కు మీదున్న సమాచారాన్ని కూడా మార్చాలి. వాల్యూములు ఎక్కువగా ఉన్నవాళ్లకు థ్రెషోల్డ్ పెంచడం కన్నా ఈ మార్పే ఎక్కువ మేలు చేస్తుంది.

పరీక్ష

విండో ముగిసేలోపే పరీక్షించండి. ఒక నోడ్‌కు ఒక స్టోరేజ్ కేబుల్ తీయండి. మల్టీపాత్ దారి మారాలి, నోడ్ నిలవాలి. తర్వాత ఒక నోడ్ ఇంటర్‌కనెక్ట్ (నోడ్ల మధ్య నెట్‌వర్క్) కేబుల్ తీయండి. కోరం లెక్క ప్రకారం ఏది రీబూట్ కావాలో ముందే కాగితం మీద రాసుకుని, అదే అయిందో లేదో చూడండి. ఇంకో నోడ్‌లో ఒక ఫైలుకు రాస్తూ ఉండి, అది ఎంతసేపు ఆగి మళ్లీ కదిలిందో గడియారం పెట్టి కొలవండి. అప్లికేషన్ టీముకు చెప్పాల్సిన అంకె అదే.

ఫెన్స్ అయ్యే ముందు ఈ సిస్టంను ఆపేస్తున్నందుకు చాలా విచారిస్తున్నానని ఓసీఎఫ్ఎస్2 కన్సోల్ మీద నిజంగానే ఒక వరస రాస్తుంది. కానీ ఆ వెంటనే మెషీన్ రీసెట్ అవుతుంది కాబట్టి అది డిస్కులోని లాగ్‌కు చేరదు. కన్సోల్ మీద పడేదాన్ని వేరే మెషీన్‌కు పంపే నెట్‌కన్సోల్ గానీ సీరియల్ కన్సోల్ గానీ పెట్టి ఉంచకపోతే, ఎందుకు రీబూట్ అయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఫెన్స్ మెథడ్‌ను రీసెట్ నుంచి పానిక్‌కు మార్చుకున్నవాళ్లు సిస్‌సీటీఎల్‌లో కెర్నల్ డాట్ పానిక్ విలువను కూడా చూసుకోవాలి. అది సున్నా అయితే నోడ్ పానిక్ స్క్రీన్ దగ్గరే ఆగిపోతుంది, ఎవరో వెళ్లి పవర్ నొక్కాలి. 30 పెడితే ముప్పై సెకన్ల తర్వాత దానంతటదే లేస్తుంది.

ఈ పరీక్షల్లో ఏది తేడా కొట్టినా వెనక్కి వెళ్లడానికి కూడా అదే క్రమం, అంతే సమయం కావాలి. కాబట్టి రెండు గంటల విండోలో మొదటి గంట దాటేసరికి మౌంట్లు కుదరకపోతే, దాచిన ఫైళ్లు తిరిగి పెట్టి పాత విలువలతోనే క్లస్టర్‌ను లేపండి.